అమ్మమ్మకు వ్రాసిన ఉత్తరములు

హైదరాబాదు చరిత్రలో 1798, 1800 సంవత్సరముల సంధిపత్రములు ప్రసిద్ధములు. ఇంగ్లీషువారి పక్షమున వానిని నడపినవాడు రెసిడెంటు జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్. కాని ఆనాటి యింటి బ్రదుకును తెలిసికొనగోరువారికి ఆ సంధిపత్రములకంటె అతని కుమార్తె తన అమ్మమ్మతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరములే మిక్కిలి ఉపకరించును.

కిర్క్‌పాట్రిక్ నగరములోని ఒక గొప్ప కుటుంబపు కన్య ఖైరున్నీసా బేగమును వివాహమాడెను. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. 1802లో పుట్టిన కూతురు పేరు నూరున్నీసా. 1805లో బిడ్డలిద్దరిని చదువులకై మద్రాసులో ఓడ యెక్కించి ఇంగ్లండు పంపిరి. అప్పటికి బాలికకు మూడేండ్లు. ఆ యేడే తండ్రి కలకత్తాలో కన్నుమూసెను. 1813లో తల్లియు గతించెను. ఇంగ్లండులో ఆ పిల్ల కిట్టీ అయినది. ప్రసిద్ధ రచయిత కార్లైల్ ఆమెకు స్నేహితుడు. 1829లో ఒక సైనికోద్యోగిని పెండ్లాడినది.

ఇట్లు ముప్పదియారేండ్లు గడచినవి. 1841 ప్రాంతమున, తండ్రి వద్ద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఇంట, చిన్ననాడు చిత్రకారుడు చిన్నరీ తమ అన్నాచెల్లెండ్రను చిత్రించిన పటము ఆమె కంటబడెను. చూచి కన్నీరు పెట్టుకొన్నది. అమ్మమ్మ షరఫున్నీసా బేగము హైదరాబాదులో జీవించియున్నట్లు తెలిసి లేఖ వ్రాసినది.

ఆ లేఖలో రాజకీయమేమియు లేదు. ఇంటి వరండా, దర్జీలు కూర్చుండి కుట్టుచుండిన చోటు, మేడమీద తాను జారి ఆడుకొనిన తావు, తమ్ము సాగనంపునాడు తల్లి విలపించిన విధము, ఇవే అందలి విషయములు. అమ్మ తల వెండ్రుకలలో ఒక పాయ దొరకిన చాలునని వేడుకొన్నది. ఇన్నాళ్ళును జాబు వ్రాయలేకపోతినని, వ్రాసినను పెద్దలు పోనిచ్చియుండరని బాధపడినది. తల్లి తరచు కలలోనికి వచ్చునట; కాని తాను పలుకు ఇంగ్లీషు ఆ తల్లికి బోధపడదట!

ఆ కల నిజమువంటిదే. అమ్మమ్మ బదులు పారసీకమున వ్రాయించెడిది. మనుమరాలు వ్రాయునది ఇంగ్లీషున. ఇద్దరికిని నడుమ దుబాసి కావలసివచ్చెను. అయినను 1847లో వృద్ధురాలు మరణించువరకు ఆ ఉత్తరములు ఆగలేదు. వారిరువురు మరల కలిసికొననే లేదు.

నేడు ఆ రెసిడెన్సీ భవనము మహిళా విశ్వవిద్యాలయమునకు చెందినది. అక్కడి ఎత్తైన స్తంభములను చూచువారు ఒక్కసారి ఆ వరండాను, ఆ దర్జీలను తలచుకొందురు గాక!