చట్టం ముందు, ప్రశ్న తరవాత

శాసనసభకు ఉత్సవం జరపాలంటే మొదట దానికి ఒక పుట్టిన సంవత్సరం కావాలి. చిక్కంతా అక్కడే. తమిళనాడు సభ 1921ని మొదలుగా పట్టుకొని 2021లో నూరేళ్ల పండుగ చేసుకుంది. 1937 నుంచి లెక్కపెట్టేవారూ ఉన్నారు. మనవాళ్లు సాధారణంగా 1953 అక్టోబరు 1నో, 1956 నవంబరు 1నో చెప్పి ఊరుకుంటారు. పాత చరిత్ర మీద మక్కువ ఉన్నవారు మాత్రం మద్రాసుకు శాసన మండలి వచ్చిన 1861 దాకా వెళ్తారు. అంత వెనక్కి వెళ్లడం సబబేనని నా అభిప్రాయం, అయితే వారు చూపే కారణం వల్ల కాదు. ప్రజాస్వామ్యానికి విత్తనం పడింది అప్పుడేనని వారంటారు. ఆ తొలి ముప్పై ఏళ్ల మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిలులో ఎంత వెతికినా ప్రాతినిధ్యం దొరకదు. దొరికేది చట్టం. తెలుగు రైతు పొలానికి, చెరువుకు, అడవికి అప్పుడు పడిన కట్టుబాట్లు ఆ సభ రద్దయ్యాక కూడా పోలేదు. 1861ని వదలకూడదనడానికి నాకున్న కారణం ఇదే.

ఆ సభ ఎలా నడిచేదో చూస్తే ఈ మాట తేటపడుతుంది. 1833లో పార్లమెంటు మద్రాసు, బొంబాయి ప్రభుత్వాల నుంచి చట్టాలు చేసే అధికారాన్ని తీసేసి కలకత్తాకు అప్పగించింది. 1861 చట్టం దాన్ని తిరిగి ఇచ్చింది. గవర్నరు కార్యనిర్వాహక మండలికి అడ్వకేట్ జనరల్‌నూ, మరో నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా అదనపు సభ్యులనూ చేర్చితే అదే శాసన మండలి. అదనపు సభ్యుల్లో సగం మందైనా ఉద్యోగులు కానివారుండాలి. అందరినీ రెండేళ్ల గడువుకు గవర్నరే ఎంచుకొనేవాడు. ఎదుట ఉన్న బిల్లు తప్ప మరో సంగతి ఎత్తడానికి వీల్లేదు. బడ్జెట్ మాట లేదు, ప్రశ్న అసలే లేదు. కొన్ని విషయాల మీద బిల్లు పెట్టాలంటే ముందుగా గవర్నర్ జనరల్ అనుమతి కావాలి, నెగ్గాక మళ్లీ ఆయన ఆమోదం కావాలి. ఎప్పుడు కూడాలో, ఎక్కడ కూడాలో గవర్నరు ఇష్టం. దొరగారికి ఎండ పడకపోతే సభ కూడా ఊటీ కొండెక్కేది.

సభ్యులంతా దొరల అడుగులకు మడుగులొత్తిన జమీందార్లేనని కొట్టిపారేసేవారికి ఒక పేరు అడ్డు వస్తుంది: గాజుల లక్ష్మీనరసు శెట్టి. మొదటి భారతీయ సభ్యుడైన న్యాయవాది వి. సదగోపాచార్లు 1863లో మరణించాక ఆ స్థానంలోకి వచ్చింది ఈయనే. అప్పటికే 1844లో క్రెసెంట్ పత్రికను నడపడం మొదలుపెట్టి, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించిన వర్తకుడాయన. శిస్తు వసూలు పేరిట రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న సంగతి లండన్ పార్లమెంటు దాకా పోవడంలో ఆయన పాత్ర పెద్దది. 1853లో వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్‌ను వెంటబెట్టుకొని జిల్లాల్లో తిప్పాడు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 1855లో ఆ చిత్రహింసలు నిజమేనని తేల్చింది. కౌన్సిలులో కుర్చీ లేకుండానే ఆయన ఇంత పని చేయించాడు. కుర్చీ వచ్చాక, హింస గురించి సభలో ఒక్క ప్రశ్న వేయడానికి కూడా ఆయనకు నిబంధన ఒప్పుకోదు. కనుక లోపం ఆ మనిషిది కాదు, కూర్చోబెట్టిన చోటిది. విశాఖపట్నం నుంచి ఇదే సభకు వచ్చిన గోడే నారాయణ గజపతిరావును గానీ, పల్లె చెంచల్రావు పంతులును గానీ ధైర్యసాహసాలతో తూచడం అందుకే అంతగా ఉపయోగపడదు.

ఇక చట్టాలు. 1864లో వచ్చిన రెండో నంబరు చట్టం రెవెన్యూ రికవరీ చట్టం. శిస్తు బాకీ పడితే చరాస్తిని, స్థిరాస్తిని జప్తు చేసి అమ్మే పద్ధతిని అది స్థిరపరచింది. ఆర్‌ఆర్ యాక్ట్ కింద నోటీసు అంటే ఇప్పటికీ మన జిల్లాల్లో గుండె గుభేలుమనేవారున్నారు. వారిలో ఎందరికి తెలుసు, అది ఓటన్నదే లేని సభ చేసిన చట్టమని! మరుసటి ఏడు, 1865లో, రెండు ముఖ్యమైనవి వచ్చాయి. ఒకటి జమీందారు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలికా (ఒప్పుదల పత్రం) రాసివ్వాలి అన్న చట్టం. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం దాకా జమీందారీ రైతు బతుకు దాని చుట్టూ తిరిగింది. రెండోది నీటి తీరువా చట్టం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడది 1855లో పూర్తయ్యాయి. కాలువ నీరు పారిన చోట తీరువా వేయడానికి సర్కారుకు చట్టం కావలసి వచ్చింది. పూర్వం నుంచీ వాడుకుంటున్న నీటికి కూడా పన్నా అన్న తగాదా రానే వచ్చింది. వంశధార నీటి మీద ఉర్లాం జమీందారు వేసిన దావా ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి, 1917లో సర్కారుకు వ్యతిరేకంగా తేలింది. సభలో నిలదీయలేని సంగతిని యాభై ఏళ్ల తరవాత కోర్టులో నిలదీశారన్నమాట. అలా నిలదీయడానికి జమీందారుకున్నంత డబ్బు ఉండాలి.

మద్రాసులో సభ లేకపోతే ఇవే చట్టాలు కలకత్తా నుంచి ఊడిపడేవి కదా, అప్పుడు సభ వల్ల తేడా ఏమిటి అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. దీనికి అడవి చట్టం కథ జవాబు చెబుతుంది. 1878లో భారత అటవీ చట్టం వచ్చినప్పుడు మద్రాసు అందులో చేరలేదు. అంతకు ముందే, 1871లో, ఇక్కడి రెవెన్యూ బోర్డు అడవుల మీద గ్రామస్థులకు పూర్వపు హక్కులున్నాయని, వాటిని సర్కారు సొంతమనడం కుదరదని గట్టిగా వాదించింది. 1882లో మద్రాసు తన చట్టం తాను చేసుకొనేదాకా ఆ పెనుగులాట సాగింది. అంటే స్థానికంగా చట్టం చేసుకొనే అధికారం విలువైనదే, జాప్యం చేయడానికైనా పనికొచ్చింది. కానీ గ్రామస్థుల పక్షం వహించిన వాదన దొరికేది బోర్డు ఫైళ్లలో, అంటే ఉద్యోగుల రాతల్లో. గ్రామస్థుల మనిషి కౌన్సిలులో లేడు. వారు తమ మాట చెప్పుకున్నది మరో నలభై ఏళ్లకు, వీధుల్లో, కొండల్లో. అడవిలో పశువుల మేతకు వేసిన పుల్లరి కట్టబోమన్న పల్నాడులో 1922లో కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యాడు. పోడు మీద ఆంక్షలతో విసిగిన మన్యం అదే ఏడు అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. ఈ రెండు పోరాటాలకూ అటవీ చట్టం ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. చట్టం లేకుండా వాటి కథ చెప్పడం మాత్రం కుదరదు.

1892 చట్టంతో అంతా మారిపోయిందంటారు. కొంత మారింది. అదనపు సభ్యుల సంఖ్య ఇరవై దాకా పెరిగింది. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు, విశ్వవిద్యాలయం పేర్లు సూచిస్తే గవర్నరు నామినేట్ చేసేవాడు. ఎన్నిక అన్న మాట చట్టంలో రాయకుండా జాగ్రత్తపడ్డారు. మద్రాస్ మహాజన సభ తొలి అధ్యక్షుడు పి. రంగయ్య నాయుడు, హిందూ పత్రిక స్థాపకుల్లో ఒకరైన రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులు ఈ దారినే వచ్చారు. జిల్లా బోర్డుల్లోనే సర్కారు మనుషులు నిండి ఉండగా, వాటి సూచనకు ప్రజాప్రాతినిధ్యమన్న పేరు చెల్లదు. నా దృష్టిలో అసలు మలుపు కొత్తగా వచ్చిన ప్రశ్న హక్కు. అది ఎంత ఇరుకైనదంటే, ముందుగా నోటీసు ఇవ్వాలి, గవర్నరు కాదంటే ప్రశ్న పోయినట్టే, వచ్చిన జవాబు మీద చర్చ లేదు. బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, ఓటు వేయరాదు. అయినా ప్రశ్న పెట్టాక సర్కారు జవాబు కాగితం మీదికి రాక తప్పదు, దాన్ని పత్రికలు అచ్చువేస్తాయి. పత్రిక నడపడం తెలిసినవారు సభలో కూర్చున్నందుకు ప్రయోజనం అక్కడ కనబడింది. జవాబు నచ్చకపోతే అనుబంధ ప్రశ్న వేసే వీలు 1909 సంస్కరణలతో గానీ రాలేదు, అదీ మొదటి ప్రశ్న అడిగిన సభ్యుడికే. పక్కన కూర్చున్నవాడు లేచి ఇంకో మాట అడగాలంటే 1919 చట్టం దాకా ఆగవలసి వచ్చింది.