ఏటి నీరు – విద్యార్థుల సాక్ష్యము

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని మన పెద్దలందురు. నీటిలో దాగిన నిజమును తామే వెదకబూనిన కొందరు విద్యార్థుల చరిత్రను నేడు మనము స్మరింతము.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ అను నగరము కలదు. అచ్చట హ్యూరన్ నది చెంత ఆ నది పేరనే ఒక ఉన్నత పాఠశాల ఉన్నది. 1984లో ఆ పాఠశాల విద్యార్థులు కొందరు తెరచాప కట్టిన పలకలపై నదిలో విహరించిన పిదప హెపటైటిస్-ఏ అను కామెర్ల వ్యాధి పాలైరి. నీటిపై అనుమానము కలిగి, తోటి విద్యార్థులు దానిని పరీక్షింప పూనుకొనిరి. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం స్టాప్ వారికి తోడ్పడెను.

వ్యాధి కలిగించు వైరస్సును పట్టుట పాఠశాల ప్రయోగశాలకు సాధ్యము కాదు. అందుచేత ఇట్టి పరీక్షలలో మనుష్యుల, జంతువుల ప్రేవులలో నివసించు కోలిఫారం సూక్ష్మజీవులను వెదకుదురు. అవి తరచు నేరస్థులు కావు, సాక్షులు. నీటిలో మలము కలిసినదని అవి చెప్పును. నీటిని సన్నని పొరగుండా వడపోసి, ఆ పొరకు తగిన ఆహారము చేర్చి, 44.5 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఒక దినము ఉంచినచో, కంటికి కానరాని జీవి చుక్కయై కనిపించును. ఈతకు తగిన నూరు మిల్లీలీటర్ల నీటిలో ఇవి సగటున 200 మించరాదని ఆనాటి అమెరికా ప్రమాణము. హ్యూరన్ నీటిలో ఇవి హెచ్చుగా ఉన్నట్లు విద్యార్థులు కనుగొని, స్థానికాధికారులతో కలిసి పనిచేసిరి.

ఆ అనుభవము సమీపమునగల రూజ్ నదికి దారిచూపెను. డెట్రాయిట్ ప్రాంతపు పరిశ్రమల నడుమ పారు ఈ నదిపై తేలిన చమురుకు 1969లో నిప్పంటుకొనెను. నీరే మండెనా యని విస్తుపోవలసినదే! 1987 నుండి ఆ నది పొడవునగల ఉన్నత పాఠశాలల విద్యార్థులు నీటిని పరీక్షింప మొదలిడిరి. కరగియున్న ప్రాణవాయువు, ఆమ్లక్షార గుణము, ఫాస్ఫేటులు, నైట్రేటులు, మడ్డి మొదలుగా తొమ్మిది పరీక్షలు వారు నేర్చిరి. ఒక పాఠశాలకు తెలియునది ఒక రేవు నీరే. అందరి లెక్కలు కలిపి చూచినప్పుడు గదా నది యంతయు తెలియును! ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి గడపకు చేరుననుట వారికి అంకెలలో కనిపించెను.

1989లో స్టాప్ కృషివలన ‘గ్రీన్’ అను పేర ప్రపంచ నదీ విద్యా సంస్థ వెలసి, ఈ పద్ధతిని పలు దేశములకు చేర్చెను.

పరీక్షించినంతనే నీరు శుభ్రపడదు. అయినను, లెక్క చేతనున్నవాని మాటను పెద్దలు సులభముగా త్రోసివేయజాలరు. మన పిల్లలు ఊరి వాగులోని నీటిని సీసాలో పట్టి తెచ్చి, “ఇందులో ఏమున్నది?” అని ప్రశ్నించిననాడు, మనము విసుగుకొనక వారితో గట్టువరకు నడువవలెను.