పేరీత

తూర్పు కనుమల దక్షిణభాగమున, కడప, చిత్తూరు సీమల మెట్టకొండలపై మాత్రమే స్వయముగా పెరుగు సైకాస్ జాతి మొక్క. 1883లో వృక్షశాస్త్రజ్ఞుడగు డయ్యరు వర్ణించి, అటవీశాస్త్రజ్ఞుడైన బెడ్డోము పేర దీనికి సైకాస్ బెడ్డోమీ అని నామకరణము చేసెను. పేరున ఈత యున్నను ఇది ఈతకు చుట్టము కాదు. పూలమొక్కలకంటె ప్రాచీనమైన వంశము దీనిది.

చెఱకుతోటల పచ్చదనమునకు అలవడిన అనకాపల్లి వాసికి, ఫాల్గుణ పూర్ణిమనాటి ముక్కోటి పర్వమునకు తిరుమలకొండపై పాపవినాశనము నుండి తుంబురు తీర్థమునకు యాత్రికులు నడచు బాట, ఇరుగడల నిట్టనిలువు రాతిగోడలతో, నీరున్నచోట తప్ప ఎడారిలోయవలెనే తోచును. ఆ బాట సాగు శేషాచల పంక్తిలోని గడ్డివాలులే పేరీతకు నెలవు. ఆకును వ్రేళ్లతో తడవినచో, సూదులవంటి పత్రకముల అంచులు క్రిందికి ముడుచుకొనియుండుట తెలియును. వేసవి కార్చిచ్చు గడ్డినెల్ల దహించినను, ఎండిన ఆకుమొదళ్లే కవచమై కాండమును కాపాడగా, నల్లబడిన మోడునుండి లేతాకులు మరల గుత్తిగా వెలువడును.

ఆడ, మగ మొక్కలు వేఱు. మగ శంకువులను మందుకై విచక్షణలేక కోయుటయే (దురాశ యనక తప్పదు) దీని క్షీణతకు ఒక హేతువు. వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడిక దీనిని మొదటి అనుబంధమున చేర్చినది. దీని నెలవైన శేషాచలము 2010లో జీవావరణ రక్షితప్రాంతమయ్యెను.