అక్షరమా, ఆజ్ఞయా?

ఒక బట్టల దుకాణములోని సరకుల పట్టీ అంతయు కంప్యూటరులో ఉన్నదనుకొందము. "50% నూలు" అని వ్రాసియున్న బట్టలు ఏవో చూడగోరి గుమాస్తా వెదకు గడిలో 50% అని కొట్టినాడు. వచ్చిన జాబితాలో సగము నూలు బట్టలతోపాటు 150 అంగుళముల దుప్పట్లు, 1950 అను సంఖ్యగల చీరలు, 500 గజముల తానులు కూడ ఉన్నవి. యంత్రము చెడిపోలేదు. గుమాస్తా శాతమను భావముతో వ్రాసిన గుర్తును యంత్రము "ఇచ్చట ఏ అక్షరములున్నను సరియే" అను ఆజ్ఞగా చదువుకొన్నది. అందుచేత 50 అను అంకెలు కనబడిన ప్రతి సరకును తెచ్చి ముందు పెట్టినది.

ఒకే గుర్తు ఒకచోట మాటగాను, మరియొకచోట మాటను గూర్చిన ఆజ్ఞగాను నిలుచుట కంప్యూటరుతో పుట్టిన చిక్కు కాదు. వ్యాకరణము వ్రాసిన ప్రతివానికి ఇది ఎదురైనదే. లోకములో అగ్ని యన్నచో నిప్పు. వ్యాకరణములో అగ్ని యను దానికి ప్రత్యయము చేర్చుమన్నచో నిప్పులకు చేర్చుట కుదరదు గదా! కనుక పాణిని తన 'అష్టాధ్యాయి' మొదటి పాదములోనే, శబ్దము తన రూపమునే తెలుపునని, శాస్త్రములోని సాంకేతిక నామములకు మాత్రము ఈ నియమము లేదని కట్టడి చేసినాడు. అంతటి పాణిని సంప్రదాయములోను ఒక చిక్కు మిగిలినది. మాహేశ్వర సూత్రములు పదునాలుగింటిలో హద్దు తెలుపుటకు వాడు గుర్తక్షరములలో ణకారము రెండుమారులు, మొదటి సూత్రము చివరను, ఆరవ దాని చివరను, వచ్చును. 'అణ్' అన్నప్పుడు ఏ ణకారము వరకు లెక్కింపవలెను? ఈ సందేహమును తీర్చుటకు వ్యాఖ్యాతలు శ్రమపడవలసి వచ్చినది. అర్థము చేసికొను వ్యాఖ్యాత లేని యంత్రమునకు ఇట్టి సందేహము వచ్చినచో ఏమగునో ఊహించుకొనవచ్చును.

తొలి కంప్యూటరు భాషలలో ఒకటైన ఫోర్ట్రాన్ 1957లో వెలువడినది. అందులో ఒక మాటను ఉన్నదున్నట్లు అచ్చు వేయవలెనన్న ముందుగా ఆ మాటలోని అక్షరముల సంఖ్య, దాని పక్కన 'హెచ్' అను అక్షరము, పిమ్మట ఆ మాట వ్రాసెడివారు. ఈ 'హెచ్' హోలరిత్ అను ఇంజనీరు పేరులోని మొదటి అక్షరము. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను చిల్లుల కార్డులతో తేల్చిన యంత్రము ఆయనదే. ఐదు అని ముందే చెప్పిన తరువాత ఆ ఐదు అక్షరములు ఏవైనను యంత్రము వానిని పరిశీలింపదు. అందులో ఆజ్ఞ దాగుటకు తావే లేదు. కాని లెక్కించువాడు మనిషి. ఒక్క అక్షరము తక్కువ లెక్కించినచో మాట తోక తెగి ఆజ్ఞలలో పడును. ఎక్కువ లెక్కించినచో ప్రక్కనున్న ఆజ్ఞను మాట మ్రింగివేయును.

ఈ విసుగు భరింపలేక జనులు ఉద్ధరణ చిహ్నములకు మరలిరి. మాటకు ముందొక గుర్తు, వెనుకనొక గుర్తు పెట్టినచో లెక్కతో పనిలేదు. సుఖముగనే ఉన్నది, కాని ఆ గుర్తే మాట నడుమ వచ్చినచో? రెండుమారులు వ్రాయుమని కొన్ని భాషలు చెప్పినవి. మరికొన్ని వేరొక మార్గము త్రొక్కినవి. బాబ్ బీమర్ అను అమెరికను 1960లో ఒక విచిత్రమైన గుర్తును సూచించినాడు. దానికి తనదంటూ రూపము లేదు. దాని తరువాత వచ్చువానిని మామూలు అర్థములో చదువరాదని చెప్పుట మాత్రమే దాని పని. దానికి 'ఎస్కేప్' అని పేరు. నేటి కీబోర్డు మూలనున్న మీట దాని వారసురాలే. వెనుకకు వాలిన గీతను (\) కూడ 1961లో అక్షరమాలలో చేర్పించినది ఆయనయే. ఆల్గాల్ అను భాషలోని తర్క చిహ్నములను రెండు వాలుగీతలు జతచేసి వ్రాయవచ్చునని ఆయన ఉద్దేశము. ఆ పని ఎవరికిని జ్ఞప్తిలో లేదు. ఆ గీత బెల్ ప్రయోగశాలలోని యూనిక్స్, సీ భాషలలో చేరి, ప్రక్క గుర్తుకుగల ప్రత్యేక శక్తిని తీసివేయుటకో ఇచ్చుటకో వాడబడు గుర్తుగా స్థిరపడినది.

వెదకుటకు ప్రత్యేక చిహ్నములు మరియొక దారిన వచ్చినవి. నాడీకణముల జాలమును గణితముతో వర్ణింపబూనిన స్టీఫెన్ క్లీనీ, ఒకటి ఎన్నిమారులైనను మరల వచ్చుటను నక్షత్రముతో (*) సూచించినాడు. ఆయన వ్యాసము 1956లో అచ్చైనది. ఈ గణితమును కెన్ థాంప్సన్ వ్రాతలో మాటలు వెదకు సాధనముగా మార్చి 1968లో ప్రకటించినాడు. 1973 నాటికి యూనిక్స్‌లో 'గ్రెప్' అను ఉపకరణము వెలసినది. 1970లో కాడ్ ప్రతిపాదించిన పట్టికల పద్ధతిని ఆధారము చేసికొని ఛాంబర్లిన్, బాయిస్ అను ఇరువురు 1974లో ఐబీఎమ్ పక్షమున ఒక ప్రశ్నల భాషను వెలువరించిరి. అదియే నేటి ఎస్‌క్యూఎల్. దానిలో 'లైక్' అను మాటతో వెదకునపుడు శాతపు గుర్తు ఎన్ని అక్షరములకైనను, అడుగు గీత (_) ఒక్క అక్షరమునకును ప్రతినిధులు. గుమాస్తా చిక్కుకొన్నది ఇచ్చటనే.

1990ల వరకు ఇట్టి ప్రశ్నలు వ్రాయువారు ఆ విద్య తెలిసినవారు. వెబ్బు వచ్చిన పిమ్మట దారిన పోవు ప్రతివాడును ఎచ్చటనో ఉన్న డేటాబేసునకు నేరుగా మాట అందింపగలిగినాడు. ఐర్లండు వారిలో ఓబ్రయన్ వంటి ఇంటిపేర్లలో ఓ తరువాత పైకామా (') ఒకటుండును. ఎస్‌క్యూఎల్‌లో మాటకు హద్దు కూడ అదే గుర్తు. అజాగ్రత్తగా కట్టిన కార్యక్రమమునకు ఈ పేరు ఇచ్చినచో 'ఓ' తోనే పేరు ముగిసినదని, 'బ్రయన్' ఆజ్ఞయని భ్రమించి అది తప్పు చూపును. పాపము, ఆ పెద్దమనిషి తన పేరే చెల్లదని విని వెడలిపోవలసినదే. కాని బుద్ధిపూర్వకముగా పైకామా పెట్టి, దాని వెనుక నిజమైన ఆజ్ఞనే వ్రాసినవానికి యంత్రము ఊడిగము చేయును. ఫ్రాక్ అను పత్రికలో 1998 డిసెంబరున మారుపేరుతో ఒకరు దీనిని వివరించిరి. బ్రిటనులోని టాక్‌టాక్ సంస్థ నుండి 2015 అక్టోబరులో సుమారు 1,57,000 మంది వివరములు ఈ మార్గముననే పోయినవి. వారిలో 15,000కు పైబడిన వారి బ్యాంకు ఖాతా సంఖ్యలును ఉన్నవి. మరుసటి యేట ఆ సంస్థకు 4,00,000 పౌండ్ల జరిమానా పడినది. 1998కిని 2015కును నడుమ పదునేడు సంవత్సరములు గడచినవని పాఠకులు గమనింతురు గాక.

విరుగుడుగా మొదట తోచినది, వచ్చిన ప్రతి మాటలోను అపాయకరమైన గుర్తులకు ముందు వాలుగీత పెట్టుట. పీహెచ్‌పీ అను భాష కొన్ని సంవత్సరములు దీనిని తనంతట తానే చేసినది. డేటాబేసునకు పోని మాటలకును గీతలు తగిలి, ఓబ్రయన్ గారి పేరు పుటలపై వాలుగీతతో దర్శనమిచ్చెడిది. 2012లో ఆ ఏర్పాటును ఎత్తివేసిరి. దీనిలో మరింత లోతైన లోపమున్నది. జపాను వారి షిఫ్ట్-జిస్ అను పద్ధతిలో ఒక్కొక్క లిపిచిహ్నమునకు రెండేసి సంఖ్యలు. 'హ్యో' అని చదువు లిపిలో రెండవ సంఖ్య 92. వాలుగీత సంఖ్యయు 92 గదా! లిపిని ఎరుగక సంఖ్యలను మాత్రమే చూచు కార్యక్రమము అక్షరములోని సగమును వాలుగీతయనుకొని మోసపోవును.

నిజమైన మందు చాల పాతది. ఆజ్ఞను ముందుగా ఖాళీ స్థానముతో యంత్రమునకు అప్పగింపవలెను. యంత్రము దానిని చదివి అర్థము చేసికొన్న పిమ్మట వెదకవలసిన మాటను వేరుగా అందింపవలెను. అప్పుడు అందులో ఏమున్నను అది మాటయే. ఐబీఎమ్ వారు 1970లలో నిర్మించిన సిస్టమ్ ఆర్ లోనే, కార్యక్రమములోని చలరాశి విలువను ప్రశ్నకు ఇట్లు వేరుగా అందించు సౌకర్యముండెను. రోగముకంటె మందు ముందు పుట్టినను వాడుకలోనికి రాలేదు. వాక్యములను అతికించుట సులభమగుటయే కారణమని నా అభిప్రాయము. చూడబోయిన ఇది హోలరిత్ పేరిట వెలసిన పాతపద్ధతికి బంధువే. లెక్కించు శ్రమ మాత్రము మనిషి నుండి యంత్రమునకు మారినది.

అయినను మన గుమాస్తా కష్టము దీనితో తీరదు. శాతపు గుర్తు మాటగా భద్రముగా చేరినను, 'లైక్' దానిని మరల చదివి ఆజ్ఞగా భావించును. ఇక్కడ రెండవ కాపు అవసరము. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణములో 'ఎస్కేప్' అను ఉపవాక్యమున్నది. ఒక గుర్తును ఎన్నుకొని, శాతమునకు, అడుగు గీతకు, ఆ ఎన్నుకొన్న గుర్తుకు కూడ ముందు దానిని ఉంచవలెను. ఈ మూడవదానిని మరచువారు పెక్కుమంది.

తెలుగులో వెదకువారికి కంటికి కనబడని గుర్తులతో కూడ పని పడును. తెలుగు 1991 నుండి యూనికోడులో ఉన్నది. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయునపుడు టకారపు పొల్లు విడిగా నిలుచుటకు దాని తరువాత వెడల్పులేని విభాజకము ఒకటి పెట్టుదురు. అది పెట్టనివారికి వకారము వత్తుగా క్రిందికి దిగును. పెట్టి వ్రాసిన మాటను పెట్టక వెదకినచో దొరకదు. పెట్టిన పేరు, పెట్టని పేరు యంత్రమునకు ఇరువురు వ్యక్తులు. ఐత్వమును ఒకే సంఖ్యతో వ్రాయవచ్చును, ఎత్వము మీద వేరొక గుర్తు చేర్చి రెండు సంఖ్యలతోను వ్రాయవచ్చును. రెండును సమానములని యూనికోడు చెప్పినను, సంఖ్యలను మాత్రమే పోల్చు కార్యక్రమము ఒప్పుకొనదు. కనుక అసలు వ్రాతను ముట్టుకొనక, వెదకుట కొరకు వేరొక ప్రతిని సిద్ధపరచి, అందులో ఈ విభాజకములను తీసివేసి, ఐత్వమును ఏకరూపమునకు తెచ్చి, వెదకు మాటకును అదే సంస్కారము చేయవలెను. ఒకవైపు చేసి మరియొకవైపు మరచినచో మొదటికంటె ఎక్కువ మాటలు తప్పిపోవును.