నంది నాటకోత్సవం

నంది నాటకోత్సవం తెలుగు రంగస్థలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే పురస్కారాల కోసం జరిగే పోటీ నాటకాల పండుగ. 1964లో సినిమాలకు మొదలైన నంది బహుమతులు 1998 నుంచి నాటకానికీ వచ్చాయి. బహుమతికి ఆ పేరు లేపాక్షి ఏకశిలా నంది వల్ల వచ్చింది. రాష్ట్ర చలనచిత్ర, టెలివిజన్, నాటకరంగ అభివృద్ధి సంస్థ దీన్ని నిర్వహిస్తుంది.

నాటక పురస్కారమనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది న్యూయార్క్‌లోని టోనీ. 1947లో హోటల్ విందుగా మొదలైన ఆ వేడుక 1967లో దేశవ్యాప్త టీవీ ప్రసారమై ఇంటింటికీ చేరింది. అక్కడి బ్రాడ్‌వే థియేటర్లలో ఒక్కో నాటకం నెలల తరబడి దాదాపు రోజూ ఆడుతుంది. ఆ ఏడు నామినేషన్ పొందిన నాటకాలు చూసిన వారు ఓటు వేస్తారు. తెలుగునాట అటువంటి సీజను లేదు. నాటక సమాజం ఒక నాటకాన్ని కట్టి ఊరూరా జరిగే పోటీలకు, అంటే పరిషత్తులకు, తీసుకెళ్తుంది. మన సీజను పరిషత్తే. అందుకే నంది కూడా ముందే ఆడిన నాటకాలకు ఒక సాయంత్రం పంచే బహుమతి కాలేదు. అది పోటీయే అయింది.

ఆ పోటీ సంప్రదాయానికి వేళ్లు 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తులో ఉన్నాయి. విశాఖపట్నం ఇచ్చిందీ తక్కువ కాదు. జనం నాటకం నుంచి సినిమాకు మళ్లుతున్న కాలంలోనే అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్ కూర్మా వేణుగోపాలస్వామి కళాశాలల మధ్య నాటిక పోటీలు పెట్టించి, ఆరుబయలు రంగస్థలం కట్టించారు. అక్కడి గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు కూడా నాటకాన్ని ప్రాణంగా చూసుకున్నవారే. గంటలోపు ముగిసే నాటిక తెలుగులో ఇంత బలంగా నిలబడడానికి ఈ కళాశాలల పోటీలూ ఒక కారణం. నేటి నందిలో కళాశాల, విశ్వవిద్యాలయ నాటికలకు వేరే విభాగం ఉండడం ఆ పరంపరకు కొనసాగింపే.

మిగిలిన విభాగాలు పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక. ప్రదర్శనలకు స్వర్ణ, రజత, కాంస్య నందులు ఇస్తారు. దర్శకత్వం, రచన, నటన, సంగీతం, ఆహార్యం, రంగాలంకరణ వంటి వాటికి వ్యక్తిగత బహుమతులు విడిగా ఉంటాయి. దరఖాస్తు చేసిన నాటకాలను ముందు ప్రాథమిక పరిశీలనలో వడపోస్తారు. నిలిచినవి ఒకే వేదికపై రోజుకు కొన్ని చొప్పున, ప్రేక్షకుల ఎదుటే తుది పోటీలో ఆడతాయి. న్యాయనిర్ణేతలు చూసిన ప్రదర్శననే జనమూ చూస్తారు. నంది బలమంతా అక్కడే ఉంది. పద్య నాటకానికి వేరే విభాగం ఉంచడం కూడా మేలు చేసింది. హార్మోనియం శ్రుతిలో రాగం తీసి పద్యం పాడే నటుడికి టికెట్టు కొని వచ్చేవారు తగ్గిపోయినా, కొత్త పద్య నాటకాలు రాయడానికీ కట్టడానికీ సమాజాలకు ఒక కారణం మిగిలింది.

టీవీ మాత్రం టోనీకి చేసినంత మేలు నందికి చేయలేదు. ఇక్కడి చానళ్లలో తారల పురస్కార సభలకు దొరికిన చోటు నాటకానికి దొరకలేదు. అది నిజంగా బాధాకరం. ఏడాది పొడవునా పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సలు చేసే కళాకారుల పనితనం హాలు దాటి బయటికి వెళ్లడం లేదు.

2022 సంవత్సరపు నాటకోత్సవం 2023 డిసెంబరు 23 నుంచి 29 వరకు గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగింది. ఏడు రోజుల్లో 38 ప్రదర్శనలు తుది పోటీలో ఆడాయి. ఎన్టీఆర్ రంగస్థల పురస్కారం ఉత్తరాంధ్ర పద్య నాటక రచయిత, దర్శకుడు మీగడ రామలింగస్వామికి దక్కింది. వైఎస్సార్ రంగస్థల పురస్కారం, 5 లక్షల రూపాయల నగదుతో, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌కు వచ్చింది. ఎస్వీ రంగారావు, అంజలీదేవి సినిమాల్లోకి వెళ్లకముందు నటించిన నాటక సమాజం అది.