వేషం మీద వెక్కిరింత

అనకాపల్లి నుంచి మాడుగుల వెళ్ళే దారిలో, చెరకు తోటల నడుమ ఉంటుంది చోడవరం. నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఇక్కడ ఎన్నికలొచ్చిన సంగతి చెవులకే ముందు తెలుస్తుంది. హిట్టయిన సినిమా పాట బాణీలో అభ్యర్థి పేరు ఇరికించి, ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. పాట బాగుంటే పిల్లలూ పాడేస్తారు. అందులో పథకం ఏమిటో, లెక్క ఏమిటో ఎవరూ అడగరు.

ఇలాంటి పాటల ప్రచారం మీదే 1992లో అమెరికాలో ఓ సినిమా వచ్చింది. పేరు ‘బాబ్ రాబర్ట్స్’. టిమ్ రాబిన్స్ రాసి, తీసి, తానే నాయకుడి వేషం కట్టాడు. 1990లో పెన్సిల్వేనియా సెనేట్ సీటుకు పోటీ చేసే ఓ గాయకుడి వెంట బ్రిటిష్ డాక్యుమెంటరీ బృందం తిరుగుతున్నట్టు కథ నడుస్తుంది. అంతా కల్పితమే అయినా కెమెరా కదలిక, ఇంటర్వ్యూలు, సభల హడావిడి అచ్చం నిజం డాక్యుమెంటరీలాగే ఉంటాయి. ఒకప్పుడు అమెరికా వామపక్షం గొంతుగా ఉన్న జానపద గిటారు పాటను ఈ అభ్యర్థి డబ్బున్నవాళ్ళ వైపు తిప్పేస్తాడు. ప్రచార బస్సులో కూర్చునే షేర్ల వ్యాపారమూ చేస్తుంటాడు. ఆ పాటలను విడిగా ఆల్బమ్‌గా తేవడానికి రాబిన్స్ ఒప్పుకోలేదు. సినిమా నుంచి విడదీస్తే ఎవరైనా వాటిని నిజం ప్రచార గీతాల్లా వాడుకుంటారేమోనని ఆయన భయం.

ఇందులో ప్రత్యర్థి సెనేటర్‌గా నటించింది రచయిత గోర్ విడాల్. ఆయనకు ఓటమి కొత్త కాదు. 1982లో కాలిఫోర్నియాలో సెనేట్ టికెట్ కోసం డెమోక్రటిక్ పార్టీలో పోటీపడి జెర్రీ బ్రౌన్ చేతిలో ఓడిపోయారు.

షెవర్లే మీద కథానాయకుడు

అదే 1982 మార్చి 29న హైదరాబాద్‌లో సినీనటుడు ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. పాత షెవర్లే వ్యాను చైతన్యరథమైంది. కొడుకు హరికృష్ణ చోదకుడయ్యారు. ప్రచారం సాగుతుండగానే జూలైలో ‘బొబ్బిలి పులి’, అక్టోబరులో ‘నాదేశం’ థియేటర్లకొచ్చాయి. పగలు రోడ్డు మీద చూసిన మనిషే సాయంత్రం తెర మీద అన్యాయాన్ని నిలదీస్తుంటే, ఏది సభో ఏది సినిమానో ప్రేక్షకుడు విడదీసి చూడలేదు. 1983 జనవరిలో 294 స్థానాల్లో 200కు పైగా ఆ పార్టీకే దక్కాయి.

కాషాయం, తలపాగా, ఊగే గొంతు, నాటకీయమైన ప్రసంగం ఎన్టీఆర్ బలం. ఎగతాళి చేయాలనుకున్నవారికి సరుకూ అవే. కాంగ్రెస్ వైపు ఉన్న నటుడు కృష్ణ 1986లో ‘నా పిలుపే ప్రభంజనం’తో ఆనాటి ప్రభుత్వాన్ని దెప్పిపొడిచారు, 1989లో ఏలూరు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ వరుసలో అందరికన్నా ముక్కుసూటిగా కొట్టింది 1987 నాటి ‘మండలాధీశుడు’. దర్శకుడు డాక్టర్ ఎం.ప్రభాకరరెడ్డి. రెండేళ్ళ ముందే ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో తాలూకాలు పోయి చోడవరంలాంటి ఊళ్ళన్నీ మండల కేంద్రాలయ్యాయి కాబట్టి, పేరు వినగానే గురి ఎవరిమీదో జనానికి తెలిసిపోయింది.

కోటకు తగిలిన దెబ్బ

ఆ అధీశుడి వేషం కట్టింది కోట శ్రీనివాసరావు. పల్లెల్లో పగటివేషగాడు కరణాన్ని ఆయన గుమ్మం ముందే అనుకరించినట్టు, కోట గద్దె మీదున్న ముఖ్యమంత్రి ఎన్టీఆర్ నడకనూ మాటనూ దించేశారు. కరణం నవ్వి చేట బియ్యం పోస్తాడేమో కానీ అభిమానులు అలా ఊరుకోలేదు. విజయవాడలో వారు తన మీద చేయిచేసుకున్నారని కోట చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. తరువాత ఎదురుపడినప్పుడు ఎన్టీఆర్ మాత్రం నటుడిగా తనను మెచ్చుకున్నారనీ ఆయనే చెప్పేవారు. అదే 1987లో ‘అహ నా పెళ్ళంట!’లోని పిసినారి లక్ష్మీపతి ఆయనను ఇంటింటికీ చేర్చాడు. అధీశుణ్ణి జనం మరిచిపోయారు.

అసలు మలుపు 1999లో వచ్చింది. కోట బీజేపీ అభ్యర్థిగా విజయవాడ తూర్పు నుంచి గెలిచి అసెంబ్లీలో అడుగుపెట్టారు. అప్పుడు బీజేపీకి పొత్తు తెలుగుదేశంతోనే. ఏ పార్టీ స్థాపకుణ్ణి తెర మీద వెక్కిరించారో, ఆ పార్టీ ఓట్లూ కలిసి ఆయనను ఎమ్మెల్యేను చేశాయి. కృష్ణ, కోట ఇద్దరూ తాము వెక్కిరించిన బరిలోకే దిగారు. అది కపటమని కొట్టిపారేయలేం. తెర మీది మొహానికి ఓటు పడుతుందని ఎన్టీఆర్ రుజువు చేశాక, ఆ దారి ఆయన ప్రత్యర్థులకూ పనికొచ్చింది.

‘మండలాధీశుడు’ గురి ఒక మనిషి. 1996లో ఎన్టీఆర్ పోయాక అందులోని జోకులకు ఊపిరి తగ్గింది. ‘బాబ్ రాబర్ట్స్’కు గురి పాట, కెమెరా, బస్సు కలిసి ఓటు రాబట్టే పద్ధతి. ఆనాటి అభ్యర్థులెవరో తెలియని ప్రేక్షకుడికి కూడా అది ఇవాళ్టి సినిమాలాగే కనిపిస్తుంది. నాయకులు మారతారు, పార్టీలు పొత్తులు మార్చుకుంటాయి. ప్రచారం చేసే తీరు మాత్రం చేతులు మారుతూ బతుకుతుంది. వ్యంగ్యం కలకాలం నిలవాలంటే పట్టుకోవాల్సింది ఆ తీరునే.