మాట వెనుక కథ: అనులేఖన కారకం

‘ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్’కు తెలుగులో ‘అనులేఖన కారకం’ అంటున్నాం. డీఎన్‌ఏను అనుసరించి ఆర్‌ఎన్‌ఏ రాసుకోవడం అనులేఖనం. ఈ సగం చక్కగా అమరింది. చిక్కల్లా ‘కారకం’తోనే. లాటిన్‌లో ‘చేయు’ అనే ధాతువు నుంచి వచ్చిన ఫ్యాక్టర్‌కు, ‘కృ’ ధాతువు నుంచి వచ్చిన కారకం నమ్మకమైన అనువాదమే. కానీ వ్యాధికారకం, ప్రమాద కారకుడు అని వాడే మన చెవికి అది దేన్నో జరిగేలా చేసేదిగానే వినిపిస్తుంది. మూలకణం నాడీకణంగా మారే తీరు చూస్తే ఆ అర్థం సగమే నిజం. అనులేఖన కారకాలైన ఆస్కల్1, న్యూరోజెనిన్ వంటి ప్రోటీన్లు నాడీ జన్యువులను మేల్కొలుపుతాయి. 2010లో ఆస్కల్1, బీఆర్‌ఎన్2, మిట్1ఎల్ అనే మూడింటితోనే ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాలను నాడీకణాలుగా మార్చారు. ఇవి నిస్సందేహంగా కారకాలు. కానీ అదే కోవకు చెందిన రెస్ట్ అనే ప్రోటీన్ పని ప్రధానంగా ఆపడం: మూలకణంలో నాడీ జన్యువులను నోరెత్తనివ్వదు, అది తగ్గాకే నాడీకణం రూపుకడుతుంది. ఆపేదాన్ని కారకం అంటే విద్యార్థి తడబడడా?

అందుకే ‘అనులేఖన నియంత్రకం’ మేలంటాను. నియంత్రణ ఈ ప్రోటీన్లదేనా, డీఎన్‌ఏను చుట్టగా బిగించే క్రొమాటిన్‌ది కాదా అన్న అభ్యంతరం బలమైనదే. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో డ్రోసోఫిలా ఈగలపై జరిగిన పరిశోధనలు క్రొమాటిన్ పాత్రనే తరచి చూశాయి. అయితే నియంత్రకం అంటే ఏకైక అధికారి అని కాదు. పెంచగలిగేది, తగ్గించగలిగేది అనే. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఈ మార్పును పరిశీలించాలని నా మనవి.